లంకల గొంతు నొక్కే అధికారం ఎవరిచ్చారు? కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కోనసీమలో గోదావరి పాయలైన వశిష్ఠ, వైనతేయల మధ్య, ఏటి నడుమ దీవిలాంటి లంక నేలలో కొబ్బరి, అరటి పండించుకునే రైతును. నా వరద కబుర్ల పేజీని కారణం చెప్పకుండా తీసేసిన ఒక సామాజిక మాధ్యమ సంస్థకు నెలల తరబడి అర్జీలు పెట్టి, విసిగిపోయి, ఇలా అందరి ముందూ మీకు రాస్తున్నాను. ఆ సంస్థ పేరు రాయను. గొడవ ఒక్క సంస్థతోనే అయితే మీదాకా వచ్చేవాణ్ణే కాదు.

2022 జూలైలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకల వాళ్ల కోసం ఒక పేజీ మొదలుపెట్టాను. భద్రాచలంలో ఎన్ని అడుగులు, ధవళేశ్వరంలో ఎన్ని, కాజ్‌వే మునిగిందా, ఏ రేవులో పడవ నడుస్తోంది, ఇంతే. అధికారులు ఇచ్చే లెక్కలనే మా రేవుల పేర్లతో చెప్పేవాణ్ణి. భద్రాచలం నీళ్లు మా దాకా రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మాకున్న వ్యవధి ఆ ఒక్క రోజే. ఆ రోజులోనే గేదెలు గట్టెక్కాలి, గెలలు తెగాలి, బియ్యం బస్తాలు అటకెక్కాలి.

గత వరదలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన సాయంత్రమే నా పేజీ మాయమైంది. “మా ప్రమాణాలకు విరుద్ధం” అని ఒక్క ముక్క వచ్చింది. ఏ పోస్టు విరుద్ధం, అందులో ఏ మాట విరుద్ధం? చెప్పలేదు. అంతకు గంట ముందు నేను పెట్టింది ఇది: “ముదిరిన గెలలన్నీ ఈ రాత్రికే నరికేయండి, ఒక్కటి కూడా వదలకండి.” అరటి గెలను నరకడం అనక ఏమంటారండీ? ఆ మాట పోస్టులు వడకట్టే యంత్రానికి హత్యలా వినిపించి ఉంటుందని మా అబ్బాయి అంటాడు. అవునో కాదో తెలుసుకునే దారి కూడా నాకు లేదు.

ఆ రాత్రి పదకొండు గంటల వేళ ఏటిగట్టుకు గండి పడిందని పుకారు లేచింది. ఎప్పటిదో, ఎక్కడిదో ఒక పాత వీడియో. దానికి మాత్రం ఏ ప్రమాణమూ అడ్డు రాలేదు, ఫోను నుంచి ఫోనుకు తిరుగుతూనే ఉంది. టార్చి పట్టుకుని గట్టు మీదికి వెళ్లాను. గట్టు చెక్కు చెదరలేదు. రేవు మెట్లు ఇంకా నాలుగు పైకి కనిపిస్తున్నాయి. వీడియో తీశాను, పెట్టడానికి చోటు లేదు. తిరిగి వస్తుంటే కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లలో మా పక్కింటి పెద్దమ్మ ఎదురైంది. చంకలో మనవరాలు, చేతిలో దూడ పలుపు. “గండి పడిందట కదా నాయనా, నువ్వు ఏమీ చెప్పలేదేమిటి?” అని అడిగింది. ఆమెను వెనక్కి తీసుకొచ్చి ఇంట్లో దింపాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు.

అబద్ధాలను ఉంచాలని నేను అనడం లేదు. ఆ గండి వీడియోను తీసేసి ఉంటే వాళ్లకు చేతులెత్తి దండం పెట్టేవాణ్ణి. కులాల మధ్య చిచ్చు పెట్టేవీ, ఆడపిల్లల ఫోటోలు మార్చి పెట్టేవీ తీసేయవలసిందే. కానీ తీసేసేవాడికి తెలుగు రావాలి కదా! ఎందుకు తీశాడో చెప్పాలి కదా!

సామాజిక మాధ్యమాలకు మీ శాఖ పెట్టిన 2021 ఐటీ నిబంధనలు మీకు తెలియనివి కావు. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, గడువులోగా తేల్చాలి. పెద్ద సంస్థలైతే తీసేసే ముందే కారణం తెలపాలి. నాకు అందిందల్లా ఒక ఫిర్యాదు సంఖ్య. ఇలాంటి ఫిర్యాదుల మీద కేంద్రం వేసిన అప్పీలు కమిటీకి వెళ్లమని కొందరు అన్నారు. అక్కడ తేలడానికి మరో 30 రోజులు. వరద మా గడపలో ఉండేది నాలుగైదు రోజులు మంత్రి గారూ. నీళ్లు తీసి, బురద ఎండి, కుళ్లిన అరటి బోదెలు పారబోసుకున్నాక వచ్చే న్యాయం మాకు ఎందుకు?

2022 మేలో కోనసీమలో ఇంటర్నెట్ ఆగినప్పుడు బాధపడ్డాం, కానీ ఆపింది ప్రభుత్వమని అందరికీ తెలుసు. సర్కారు ఒకరి మాటను తీయించాలన్నా కోర్టు ఉత్తర్వో, చట్టప్రకారం ఇచ్చిన ఆదేశమో ఉండాలని శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. ప్రభుత్వాన్ని మాట్లాడే స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19వ అధికరణం పేరు చెప్పి నిలదీయగలం. ఈ సంస్థను ఏ అధికరణం కింద నిలదీయాలో అమలాపురం కోర్టుకు వెళ్లే మా వకీలుకే పాలుపోలేదు. ఇతరులు రాసిన దానికి తమది బాధ్యత కాదని ఐటీ చట్టం 79వ సెక్షన్ చాటున నిలబడే వాళ్లు, ఎవరు రాయాలో ఎవరు రాయకూడదో మాత్రం తామే తేలుస్తారా? అలాగని ఆ పెత్తనం మీ చేతికి తీసుకోమని అడగడం లేదు. అదీ మాకు భయమే. కారణం చెప్పించండి. తెలుగు చదివే మనిషితో చూపించండి. వరద రోజుల్లోనైనా అదే రోజు తేల్చమనండి.

ఆషాఢం దగ్గర పడుతోంది. ఎగువన వానలు మొదలైతే మా వాళ్లు మళ్లీ భద్రాచలం అడుగులు లెక్కపెట్టుకుంటారు. నా పేజీ తిరిగి వస్తుందో రాదో, ఆ పెద్దమ్మ మళ్లీ అడిగితే చెప్పడానికి ఒక కారణమైనా ఇప్పించండి.

ఇట్లు,
ఒక లంక రైతు,
కోనసీమ