చిన్నాకి, గుంటూరు నుంచి అమ్మ

చిన్నా,

పంపిన కందిపొడి, గోంగూర పచ్చడి అందాయా? పచ్చడి సీసాలో తడి చెంచా పెట్టకు, బూజు పడుతుంది. బ్రాడీపేటలో అప్పుడే ఎండలు మండిపోతున్నాయి. పిన్ని వాళ్ళ గృహప్రవేశం బాగా జరిగింది, అక్కడే బాబ్జీ కనపడి చెప్పాడు, నీ రూముకి వచ్చిన రోజు రాత్రి రెండింటిదాకా ఒళ్ళో బిర్యానీ డబ్బా పెట్టుకుని ఏదో సిరీస్ చూస్తూనే ఉన్నావట, మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసపడ్డావట. నేను నమ్మలేదులే. మన మామిడి చెట్టు ఈ ఏడు విరగకాసింది.

ఆయాసం నిజమేనా?

2011 వరల్డ్ కప్ ఫైనల్ నీకు గుర్తుందో లేదో. ఏప్రిల్ 2, ఎల్లుండి ఉగాది అని స్టీలు డబ్బా నిండా చేగోడీలు వండిపెట్టాను. మీ నాన్న ఆ డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నారు. సెహ్వాగ్ రెండో బంతికే అవుటయ్యాడు, ఇక టెన్షన్. కళ్ళు టీవీ మీద, చెయ్యి డబ్బాలో. గంభీర్ 97 దగ్గర అవుటయినప్పుడు డబ్బా అడుగున ఆయన గోళ్ళు గీసుకున్న చప్పుడు వంటింట్లోకి వినపడింది, వచ్చి చూస్తే పిండి నలుసులు తప్ప ఏమీ లేవు. ధోనీ సిక్స్ కొట్టి గెలిపించాక, ఆకలేస్తోంది అన్నం పెట్టు అన్నారు. అంత తిన్నట్టు ఆయనకే తెలియలేదు. మరుసటేడు షుగర్ బయటపడింది. ఆ ఒక్క రాత్రి వల్లే అనను, కానీ రోజూ టీవీ ముందే కంచం.

మనసు తెర మీద ఉంటే కడుపు నిండింది తెలియదురా. నిండినట్టు తెలియడానికే దాదాపు 20 నిమిషాలు పడుతుంది. అప్పట్లో యాడ్స్ వస్తే లేచి నీళ్ళన్నా తాగేవాళ్ళం. నువ్వు చూసేవాటికి అదీ లేదు, సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపి, తరవాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవుతుంది. అలాంటివి భోజనం టైములో పెట్టకు. పడుకోబోయే ముందు ఆ తిండి వీడియోలు కూడా వద్దు, లేని ఆకలి పుట్టిస్తాయి. అన్నం తినేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, అంటే రోజుకి అరగంట, ఐదు రోజులు. మీ నాన్న ఇప్పుడు పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంకి వెళ్ళి నడిచి వస్తున్నారు, నీకేం కష్టం?

మామిడికాయలు ఎవరన్నా అటు వస్తుంటే పంపుతాను. ఆదివారం ఫోన్ చెయ్యి. కింద నుంచి మెట్లెక్కుతూ చెయ్యి, నేను వింటాను.

అమ్మ