తాగుడు మాన్పించే యంత్రాలకు అడ్డూ అదుపూ ఉండాలి

సంపాదకునికి,

మా తమ్ముడు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే పనివాడు. పన్నెండేళ్లుగా తాగుతున్నాడు. మానేస్తానని తనంతట తానే అన్న రోజున, ఎవరో ఇచ్చిన కరపత్రం పట్టుకుని వాడిని నగరంలోని ఒక కేంద్రానికి తీసుకెళ్లాను. ‘మెదడు తరంగాల శిక్షణ. మాత్రలు అక్కర్లేదు’ అని ఉంది అందులో. గాజులు తాకట్టు పెట్టి ముప్పై సిట్టింగులకు ముందే డబ్బు కట్టాను.

జుట్టు పాయలు తీసి, జిగురులాంటి పేస్టు రాసి తలకు తీగలు అంటించారు. కళ్లు మూసుకుని కుర్చీలో వాలితే, తరంగాలు వాళ్లు కోరిన వరుసకు వచ్చినప్పుడల్లా చెవిలో సన్నగా గంట మోగుతుందట. గంట మోగుతూనే ఉంది, ఒళ్లో పెట్టుకున్న వాడి చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆఖరిసారి ఎప్పుడు తాగావని అక్కడ ఒక్కరూ అడగలేదు. మర్నాడు తెల్లవారుజామున వాడికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మమ్మల్ని మొట్టమొదట అడిగింది ఆ ప్రశ్నే.

ఏళ్ల తరబడి బాగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించే స్థితి కూడా రావచ్చు. ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. ఫిట్స్‌ను అడ్డుకునే లోరాజెపామ్ వంటి మందులు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఉన్నది అందుకే. చెవిలో గంట మోగినంత మాత్రాన ఆ గండం గడవదు.

ఈ శిక్షణంతా బూటకమని నేను అనడం లేదు. 1989లో పెనిస్టన్, కుల్కోస్కీ అనే అమెరికా పరిశోధకులు ఆల్ఫా, థీటా అనే నెమ్మదైన మెదడు తరంగాల శిక్షణతో మంచి ఫలితాలు ప్రకటించారు. అయితే వాళ్లు శిక్షణ ఇచ్చింది పదిమందికే. 2005లో లాస్ ఏంజెలెస్‌లో 121 మందితో మరో అధ్యయనం జరిగింది. వాళ్లంతా చికిత్సా కేంద్రంలోనే ఉంటున్నవారు. అక్కడ మామూలుగా జరిగే చికిత్సకు ఈ శిక్షణను జోడించారే తప్ప, దాన్ని మాన్పించి దీన్ని పెట్టలేదు. మా కరపత్రం దాచిన సంగతి ఇదే.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. తక్కిన ముప్పై ఏడు ఇళ్లవాళ్లూ మాలాగే కరపత్రాల వెంట పడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం తాగుడువల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా రుగ్మతలుగానే గుర్తించింది. కానీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది రోగిని ఉంచుకునే కేంద్రాలకే. గంటసేపు కూర్చోబెట్టి ఇంటికి పంపేవాళ్లు ఆ సందులోంచి జారుకుంటున్నారు.

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల వైద్య ఆరోగ్యశాఖ అధికారులు ఇలాంటి కేంద్రాలను తనిఖీ చేయాలి. డాక్టరు పరీక్షించి రాసిచ్చిన కాగితం లేనిదే తలకు తీగ తగిలించకూడదని, ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని ఆదేశించాలి. ‘మాత్రలు అక్కర్లేదు’ అన్న మాట ఏ బోర్డు మీదా కనిపించకూడదు.

ఆ కరపత్రం ఇంకా నా దగ్గరే ఉంది. అధికారులు అడిగితే తెచ్చి చూపిస్తాను.

— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ