ఒక్క శాంపిలే కదా అన్నావు

ఒరేయ్ మావా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు ఏదో చెప్పి పెట్టేశాను గానీ, పడుకున్నాక కూడా అదే బుర్రలో తిరిగింది. "శాంపిల్ తీసేది ఒక్కసారే కదరా, దాని సగటు ఒక్క అంకే కదా, ఆ ఒక్క అంకెకి డిస్ట్రిబ్యూషన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నావు. పదిహేనేళ్లుగా డిగ్రీ పిల్లలకి ఈ సబ్జెక్టు చెబుతున్నాను, ఇంత సూటిగా అడిగినవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది ఫార్ములా బట్టీ పట్టి, పరీక్షలో దించేసి వెళ్లిపోతారు. నువ్వు ఈ వయసులో ఆఫీసు నుంచి వచ్చి, రాత్రి పదింటికి పుస్తకం తీసి, సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగావు. అందుకే తీరిగ్గా కాగితం మీద రాస్తున్నాను. పక్కన పెన్నూ తెల్లకాగితం పెట్టుకుని చదువు.

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. పాపులేషన్ అంటే మనుషుల జనాభా ఒక్కటే కాదు, మనం ఎవరి గురించి లేదా దేని గురించి తెలుసుకోవాలనుకుంటున్నామో ఆ మొత్తం. ఆ మొత్తాన్నీ కొలవగలిగితే వచ్చే అంకె పరామీటర్, మన తెలుగు పుస్తకాల్లో పరామితి అంటారు. అది కదలదు. కాకపోతే మనకి తెలియదు. మన చేతికొచ్చిన శాంపిల్ నుంచి లెక్కగట్టే అంకె స్టాటిస్టిక్. అది మనకి తెలుసు, కానీ ఇంకో శాంపిల్ వచ్చుంటే ఇంకోలా ఉండేది. ఇంగ్లీషులో పాపులేషన్, పరామీటర్ రెండూ "పి"తో మొదలవుతాయి, శాంపిల్, స్టాటిస్టిక్ రెండూ "ఎస్"తో మొదలవుతాయి, అలా గుర్తుపెట్టుకో. మ్యూ (సగటు), సిగ్మా (క్రమవిచలనం, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లాంటి గ్రీకు అక్షరాలు పరామీటర్లకి, శాంపిల్లో వాటికి బదులుగా వచ్చే ఎక్స్ బార్, ఎస్ లాంటివి స్టాటిస్టిక్స్‌కి.

ఈ రెండూ కలగాపులగం అవుతున్నాయని నువ్వేం బాధపడకు. 1922లో స్టాటిస్టిక్స్‌లో మహా పండితుడు రోనాల్డ్ ఫిషర్ రాసిన పెద్ద పేపర్లో మొదట్లోనే ఈ మాట ఉంటుంది: తెలుసుకోవాలనుకునే అసలు విలువనీ, లెక్కలో తేలిన విలువనీ ఒకే పేరుతో పిలవడం వల్ల ఈ శాస్త్రమే ముందుకు కదలకుండా చిక్కుపడిందని. రెండింటినీ "సగటు" అనే అంటాం కదా మరి. ఆ ఒక్క మాటే తికమక పెట్టేది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మా పెరట్లో ఐదు కొబ్బరిచెట్లు నీకు తెలుసు. మొన్న దింపు తీయించాం. బావి పక్కదానికి 4 కాయలు, దాని వెనకదానికి 7, గోడవారదానికి 9, పశువుల పాక దగ్గరదానికి 12, వీధి గుమ్మం పక్కదానికి 18. మొత్తం 50, చెట్టుకి సగటున 10. ఇక్కడ పాపులేషన్ ఐదు చెట్లు, పరామీటర్ 10. నాకు తెలుసు, నీకు తెలియదనుకో. ఏవో రెండు చెట్లు మాత్రమే లెక్కపెట్టుకోవడానికి నిన్ను పెరట్లోకి పంపాను.

ఏ రెండు చెట్లు నీకు తగలొచ్చు? రాసి చూడు, పదే పది జతలు వస్తాయి. వాటి సగటులు: 5.5, 6.5, 8, 11, 8, 9.5, 12.5, 10.5, 13.5, 15. నీకు దొరికేది వీటిలో ఒక్కటే. బావి పక్కదీ దాని వెనకదీ తగిలితే 5.5 అని తిరిగొస్తావు. పాక దగ్గరదీ గుమ్మం పక్కదీ తగిలితే 15 అంటావు. ఏ జత తగులుతుందో ముందే చెప్పలేం గానీ, చీటీలు వేసి తీస్తే ఒక్కో జతకీ పదింట ఒక అవకాశం ఉందని మాత్రం కచ్చితంగా చెప్పగలం. ఇదిగో మావా, ఆ పది సగటుల పట్టికే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్. నీ చేతిలో ఉన్న అంకె ఒక్కటే, నిజమే. కానీ ఆ అంకెని తెచ్చిన పద్ధతి ఉంది చూడు, అది ఇంకా ఏయే అంకెలు తెచ్చి ఉండేదో, ఏది ఎంత తరచుగా తెచ్చి ఉండేదో, ఆ లెక్కంతా కలిపి డిస్ట్రిబ్యూషన్.

ఆ పదింటినీ ఇంకోసారి చూడు. ఒక్కటి కూడా 10 కాదు! ఏ రెండు చెట్లు పట్టుకున్నా సరైన సమాధానం రాదు. అయినా పదీ కలిపితే 100, వాటి సగటు సరిగ్గా 10. దీన్నే నిష్పాక్షికం అంటారు. నీ శాంపిల్ నిజం చెప్పిందని దానర్థం కాదు. పద్ధతి ఒక పక్కకి ఒరగలేదని మాత్రమే అర్థం. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ఇదిగో ఈ లెక్క చేసిన రోజే.

ఇప్పుడు సగటుకి బదులు, రెండు చెట్లలో ఎక్కువ కాసిన చెట్టు కాయల్ని లెక్కగట్టు. అదీ ఒక స్టాటిస్టిక్కే. అసలు గరిష్ఠం 18. నీ పది జతల్లో గరిష్ఠాలు: ఒకసారి 7, రెండుసార్లు 9, మూడుసార్లు 12, నాలుగుసార్లు 18. సగటు 13.3. అంటే ఈ స్టాటిస్టిక్ తన పరామీటర్ కంటే సగటున కిందకే ఉంటుంది, ఎప్పటికీ పైకి మాత్రం పోదు. ప్రతి స్టాటిస్టిక్‌కీ తన డిస్ట్రిబ్యూషన్ తనకే ఉంటుంది, దేని నడత దానిదే. పుస్తకంలో సగటు గురించే పేజీలకి పేజీలు ఉండటంతో ఈ విషయం పిల్లల చెవికెక్కదు.

మూడేసి చెట్లు తీస్తే ఏమవుతుంది? అప్పుడూ పది శాంపిళ్లే. కానీ సగటులు 6.67 నుంచి 13 లోపలే ఉంటాయి. రెండేసి తీసినప్పుడు 5.5 నుంచి 15 దాకా ఉన్నాయి కదా. శాంపిల్ పెరిగేకొద్దీ ఊగిసలాట తగ్గుతుందనేది ఇలా చేత్తో చేస్తేగాని మనసుకి పట్టదు.

"అయిదు చెట్లు కాబట్టి సరిపోయింది, లక్షల్లో ఉంటే ఇదంతా ఎవడు రాస్తాడు?" అంటావు. రాసినవాడున్నాడు. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో విలియం గోసెట్ అని ఒకాయన పనిచేసేవాడు. బార్లీతో చేసే పరీక్షల్లో ఆయనకి దొరికేవి చిన్న చిన్న శాంపిళ్లే. అంత తక్కువ డేటాతో తీసిన సగటుని ఎంతవరకు నమ్మొచ్చన్నది ఆయన సమస్య. అప్పటికే అచ్చయిన లెక్కల్లో 3000 మంది ఖైదీల ఎత్తులు, ఎడమచేతి మధ్యవేలి పొడవులు ఉన్నాయి. వాటిని 3000 అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, ఒక్కొక్కటే తీస్తూ నాలుగేసి చొప్పున విడగొట్టాడు. 750 శాంపిళ్లు అయ్యాయి. వాటిలో ప్రతిదానికీ సగటు, క్రమవిచలనం లెక్కగట్టాడు. కంప్యూటర్ లేని రోజుల్లో! ఆలోచనతో తాను రాబట్టిన ఫార్ములా ఆ 750కీ సరిపోతుందో లేదో పోల్చుకున్నాడు. 1908లో అచ్చయింది. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించకూడదని కంపెనీ నియమం కాబట్టి "స్టూడెంట్" అని పేరు పెట్టుకున్నాడు. నువ్వు మూడో యూనిట్లో చదవబోయే టీ డిస్ట్రిబ్యూషన్ అదే. ఆ అట్టముక్కల కట్టని ఊహించుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మనం ఇప్పుడు 750 సార్లు తీయనక్కర్లేదు. సగటు ఊగిసలాట ఎంతో గణితమే చెబుతుంది: సిగ్మాని శాంపిల్ సైజు వర్గమూలంతో భాగిస్తే చాలు. దాని పేరు స్టాండర్డ్ ఎర్రర్. (మా చెట్లకి ఇది పెట్టి చూస్తే సరిపోదు. ఐదింట్లో రెండు తీసేస్తున్నాం కాబట్టి ఇంకో సవరణ కలపాలి, ఆ గొడవ తర్వాత చూద్దాం.) సిగ్మా కూడా తెలియదు కదా అంటావేమో. దాని బదులు శాంపిల్లోంచి వచ్చిన ఎస్ పెడతాం. నాలుగే అంకెలున్నప్పుడు ఆ ఎస్ కూడా బాగా ఊగుతుంది. ఆ రెండో ఊగిసలాటని కూడా లెక్కలోకి తీసుకున్నాడు కాబట్టే గోసెట్ గొప్పవాడయ్యాడు.

మనం ఇంటర్లో ఉన్నప్పుడు మా మడిలో పంట కోత ప్రయోగం, అంటే కొంచెం చోటు కోసి దిగుబడి అంచనా వేసే పని, జరిగింది, గుర్తుందా? గట్టు మీద కూర్చుని చూశాం. వచ్చినాయన నైరుతి మూల నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ, చీటీ తీసినట్టు ముందే ఎంచి కాగితంలో రాసుకున్న అంకె దగ్గర ఆగాడు. మా నాన్నేమో "అటు చేను ఏపుగా ఉంది, అక్కడ కొయ్యండి" అన్నాడు. వచ్చినాయన తల అడ్డంగా ఊపి, ఐదు మీటర్లు పొడవు, ఐదు మీటర్లు వెడల్పు కొలిచి, నాలుగు మూలలా పుల్లలు పాతి తాడు కట్టాడు. ఆయన మొండివాడనుకున్నాం అప్పుడు. ఆ మొండితనం మీదే మొత్తం లెక్క నిలబడుతుందని నాకు తర్వాత తెలిసింది. చోటుని చీటీ ఎంచుకుంటేనే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అనేది ఉంటుంది. మా నాన్న ఎంచుకుంటే ఏ ఫార్ములా పనికిరాదు.

ఒక మండలంలో అలాంటి తాడు గళ్లకి సగటున 15 కిలోల ధాన్యం వస్తుందనుకో, గడికీ గడికీ తేడా చెప్పే సిగ్మా 3 కిలోలనుకో. గడి 25 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో దాదాపు 162 గళ్లు. అలా చూస్తే ఎకరానికి సుమారు 32 బస్తాలు, 75 కిలోల బస్తా లెక్కన. నాలుగు గళ్లు కోస్తే స్టాండర్డ్ ఎర్రర్ 1.5 కిలోలు, ఎకరానికి మూడు బస్తాల పైమాటే. పదహారు కోస్తే 0.75, ఒకటిన్నర బస్తా. తేడా సగానికి దిగాలంటే పని నాలుగింతలు చెయ్యాలి. ఈ వర్గమూలం దగ్గరే సర్వేల ఖర్చంతా పెరిగేది. పంట బీమా డబ్బులు చాలావరకు ఈ కోతల మీద ఆధారపడతాయి కాబట్టి ఆ మూడు బస్తాలు రైతుకి చిన్న విషయం కాదు.

ఆ రోజు ఇంకోటి కూడా చూశాం. తాడు సరిగ్గా ఒక దుబ్బు మీంచి పోయింది. అది లోపలిదా బయటిదా? కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతుంది. గడి పెద్దదైతే అంచు మీద పడే దుబ్బుల వాటా తక్కువ, గడి చిన్నదైతే అంచే ఎక్కువ. 1940లలో మన దేశపు స్టాటిస్టిక్స్ పెద్దలిద్దరిలో మహలనోబిస్ చిన్న గళ్లు చాలనేవారు, పి.వి. సుఖాత్మే వద్దనేవారు. చిన్న గళ్లలో దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తోందని సుఖాత్మే కొలిచి చూపించారు. ఇలాంటి తప్పు శాంపిల్ సైజు పెంచితే పోదు. వెయ్యి చిన్న గళ్లు కోసినా డిస్ట్రిబ్యూషన్ సన్నబడుతుంది గానీ, తప్పు చోటే సన్నబడుతుంది.

మొత్తం కోటిమంది ఉన్నా వెయ్యిమందిని అడిగితే ఎలా సరిపోతుందన్నావు కదా, దానికి మన మెతుకు సామెతే చాలు. గిన్నె చిన్నదైనా గుండిగ అయినా చూసేది మెతుకే. కాకపోతే బాగా కలియబెట్టి ఉండాలి. మాడింది అడుగున ఉంటే పై మెతుకు చెప్పదు.

ఒక్క పొరపాటు మాత్రం చెయ్యకు, పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. "శాంపిల్ పెద్దదైతే డేటా నార్మల్ అవుతుంది", అంటే గంట ఆకారంలోకి వస్తుంది అని రాస్తారు. అవ్వదు. డేటా ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. ఊళ్లో జీతాలు ఒక పక్కకి లాగి ఉంటే, వెయ్యిమంది జీతాలు రాసినా ఆ ఆకారం అలాగే లాగి ఉంటుంది. గంట ఆకారానికి దగ్గరయ్యేది సగటు తాలూకు శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్. పాపులేషన్ ఆకారం, నీ శాంపిల్ ఆకారం, స్టాటిస్టిక్ ఆకారం, ఈ మూడూ వేరువేరు బొమ్మలు. ప్రశ్న చదవగానే ఏ బొమ్మ గురించి అడిగారో మార్జిన్లో రాసుకో.

హైదరాబాదులో నువ్వు రోజూ బండి మీద వెళ్లే ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు ఉంది కదా, ఆయనా ఈ కథలోవాడే. మన తెలుగాయన, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లాడు. అక్కడ పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకి రాత్రి కూర్చుని సమాధానం రాబట్టాడు. నిష్పాక్షికమైన స్టాటిస్టిక్ ఊగిసలాట ఎంత తగ్గించినా ఒక హద్దు కంటే కిందకి తగ్గదని, ఆ హద్దు ఎంతో చూపించాడు. 1945లో అచ్చయ్యేసరికి ఆయనకి దాదాపు పాతికేళ్లు. ఆ హద్దు క్రామెర్–రావ్ అనే పేరుతో సిలబస్‌లో తగిలినప్పుడు భయపడకు, మన కొబ్బరిచెట్ల పట్టికే గుర్తు తెచ్చుకో.

ఆదివారంలోగా ఒక పని చెయ్యి. ఐదు చీటీల మీద 4, 7, 9, 12, 18 రాసి, మూడేసి చొప్పున పది శాంపిళ్లకీ మధ్యగతం (వరసగా పేరిస్తే నడిమిన వచ్చే అంకె) లెక్కగట్టు. అసలు మధ్యగతం 9. నీ పదింటి సగటు దానికంటే ఎంత అటో ఇటో ఉంటుంది, ఎందుకు ఉంటుందో ఫోన్ చేసి చెప్పు. చెల్లాయిని అడిగానని చెప్పు. గుమ్మం పక్క చెట్టు కాయలు ఒక డజను పక్కన పెట్టించాను, ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తాను.

నీ
మావ