పిల్లల మానసిక ఓపీకి వారంలో ఒక పూట

అయ్యా,

పీజీ చేసే డాక్టర్లు మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదాంట్లో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. మంచి నిబంధనే. కాలు విరిగి వచ్చినవారికి, కాన్పుకు వచ్చినవారికి మూడు నెలలకోసారి డాక్టరు మారినా పోయేదేమీ లేదు. నాలుగేళ్లు నిండినా మాట రాని పాపకు, బడి పేరెత్తితే కడుపునొప్పి వచ్చే పిల్లవాడికి మాత్రం పోయేది చాలా ఉంది. వాళ్ల వైద్యం ఏళ్ల తరబడి నడిచేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ప్రభుత్వాసుపత్రుల్లో వారంలో ఒక పూట పిల్లల మానసిక ఓపీకే కేటాయించాలని, అది నడిపే జూనియర్ డాక్టరును ఒంటరిగా వదలొద్దని మా విన్నపం. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు.

పెద్దల ఓపీలో మనిషికి దొరికేది ఐదారు నిమిషాలు. కొత్తగా వచ్చిన పిల్లకు గంట కావాలి. ఇంటివాళ్లతో ఇరవై నిమిషాలు, పిల్లతో ఇరవై, సీనియర్‌తో చర్చకు పది, తేలిన సంగతి ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి పది. పాత కేసుకు పావుగంట. అంటే తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మూడు కొత్తవి, నాలుగు పాతవి. అంతకు మించి చిట్టీలు రాస్తే అది పెద్దల ఓపీకే ఇంకో పేరు. గదిలో ఒక చాప, కొన్ని చెక్క దిమ్మెలు, తెల్లకాగితాలు, రంగు పెన్సిళ్లు చాలు. పన్నెండేళ్లు దాటిన పిల్లలతో పది నిమిషాలైనా ఇంటివాళ్లను బయట కూర్చోబెట్టి మాట్లాడాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది పరీక్షల దగ్గర. మాట రాని పిల్లకు ఆటిజం అని రాసేముందు వినికిడి పరీక్ష చేయించాలి. పళ్లెం మోగిస్తే తిరిగి చూసింది కదా అని వదిలేస్తుంటారు. పళ్లెం చప్పుడు పట్టిన చెవికి స, ష లాంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చు. చదువు రావట్లేదని తెచ్చిన పిల్లవాడి నోట్‌బుక్కులో ఒక్కోసారి ముత్యాల్లాంటి అక్షరాలుంటాయి. అది బోర్డు మీద చూసి దించింది. మనం అడగాల్సింది డిక్టేషన్ పేజీ. తండాల నుంచి వచ్చే ఆరేడేళ్ల పిల్లలకు ఇంటి మాట లంబాడీ. వాళ్లకు తెలుగులో ఐక్యూ పరీక్ష పెట్టి, మార్కులు తగ్గాయని బుద్ధిమాంద్యం అని రాస్తే ఆ ముద్ర వైకల్య సర్టిఫికెట్ దాకా వెంటపడుతుంది. మాటతో పెద్దగా పనిలేని, ఆకారపు దిమ్మెలను వాటి గుంటల్లో అమర్చే సెగ్విన్ ఫారం బోర్డుతో మొదలుపెట్టి, అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, దుకాణానికి వెళ్లి రావడం సొంతంగా చేసుకుంటారో లేదో వైన్‌లాండ్ స్కేలు ప్రకారం ఇంటివాళ్లను అడగాలి. లంబాడీ నుంచి తెలుగులోకి చెప్పడానికి అక్కనో అన్ననో కూర్చోబెట్టొద్దు. ఇంట్లో కొడుతున్నారన్న మాట వాళ్ల నోట రాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు సంతకం. పాలమూరు సంగతి చెప్పేదేముంది, అమ్మానాన్న పుణేలోనో ముంబైలోనో పనిమీద ఉంటే పిల్లను తీసుకొచ్చేది అవ్వ. గురుకులం పిల్లలకైతే వార్డెన్. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకు నామినేటెడ్ ప్రతినిధి, అంటే వాళ్ల తరఫున చికిత్సకు ఒప్పుకునే మనిషి, చట్టబద్ధ సంరక్షకులే. వెంట తీసుకురావడం వేరు, సంతకం పెట్టడం వేరు. వార్డులో చేర్చాలంటే సంరక్షకులు దరఖాస్తు చేయాలి. ఇద్దరు సైకియాట్రిస్టులు, లేదా ఒక సైకియాట్రిస్టు, మరో డాక్టరు విడివిడిగా పరీక్షించి అవసరమేనని తేల్చాలి. పెద్దల మధ్య పడుకోబెట్టకూడదు. తోడు మనిషి మొదటినుంచి చివరిదాకా ఉండాలి. ఆడపిల్లకు సంరక్షకుడు మగవాడైతే తోడుకు ఆడమనిషిని పెట్టాలి. 72 గంటల్లో మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలపాలి. రాత్రి డ్యూటీలో ఉన్న పీజీకి ఇవన్నీ గుర్తుండవు, ఉండాలనుకోవడం కూడా తప్పే. ఒక పేజీలో రాసి వార్డు గోడకు అంటించాలి, పిల్లల వార్డులో రెండు మంచాలు ముందే అనుకుని ఉంచాలి. ప్రాణాపాయమైతే సంరక్షకులు అందుబాటులో లేకున్నా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయడానికి అదే చట్టం 94వ సెక్షన్ వీలిస్తోంది. అయితే తండ్రికి కబురు మొదటి గంటలోనే వెళ్లాలి. పుణే నుంచి బస్సు రావాలి మరి. ఓపీ మందులకైతే తల్లికో తండ్రికో ఫోన్ చేసి, ఏ మందు ఎందుకో చెప్పి, మాట్లాడిన సమయం ఫైల్లో రాసుకోవాలి.

మందు రాయడంతో పని అయిపోదు. నిలకడలేని పిల్లలకు వాడే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి అదుపు ఉన్నది. చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, ఒకటి దుకాణం రెండేళ్లు దాచాలి. ఈ బాదరబందీకి చాలా దుకాణాలు దాన్ని ఉంచవు. తల్లి ఖాళీ చేతులతో ఇంటికి పోతుంది. నెల తర్వాత వచ్చినప్పుడు వేరే పీజీ ‘గుణం లేదు’ అని డోసు పెంచుతాడు. కాబట్టి మొదటి ప్రశ్న ‘మందు దొరికిందా’ అన్నదే కావాలి. తర్వాత బరువు, ఎత్తు, నాడి, బీపీ చూడాలి. ఈ మందు ఆకలి చంపుతుంది, పొద్దున తిన్నాక వేయమని చెప్పాలి.

ఇక పీజీల సంగతి. ఓపీ పూట సీనియర్ పక్క గదిలో ఉండాలి, మిగతా వేళల్లో ఫోనెత్తాలి. పిల్ల తనపై లైంగిక దాడి జరిగిందని చెబితే ‘సార్ వచ్చాక చూద్దాం’ కుదరదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లే పోలీసులకు తెలపాలి. ఆ నిమిషంలో ఏం రాయాలో, ఏం మళ్లీ మళ్లీ అడగకూడదో చెప్పే గొంతు పీజీకి అందాలి. పిల్లల ఆరోగ్య పరీక్షల జాతీయ పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు పోస్టులు నిబంధనల్లోనే ఉన్నాయి. ఆ కేంద్రం ముఖ్యంగా ఆరేళ్లలోపు వాళ్లది, ఏడేళ్ల పిల్ల అక్కడినుంచి పెద్దల ఓపీలో వచ్చి పడుతోంది. ఆ ఇద్దరూ ఈ ఒక్క పూట ఇక్కడ కూర్చుంటే సగం బరువు దిగుతుంది. పురుగుల మందు తాగిన పిల్ల దక్కకపోతే, చూసిన పీజీతో రెండు రోజుల్లోపు సీనియర్ కూర్చుని మాట్లాడాలి. అది విచారణలా ఉండొద్దు. వారానికో సెలవు 2023 పీజీ నిబంధనల్లోనే ఉంది. ఉండటానికి గది, రవాణా, భద్రత కూడా వాటిలో ఉన్నవే, కొత్తగా అడుగుతున్నవి కావు.

చివరిది, అప్పగింత. పిల్ల ఫైలు ఆసుపత్రిలోనే ఉండాలి, మొదటి పేజీలో ఆరు సంగతులుండాలి: ఇంటి మాట, సంరక్షకుల ఫోను, తేలిన జబ్బు, మిగిలిన పరీక్షలు, మందు మోతాదు, ఇంటివాళ్లకు చెప్పిన మాట. తల్లి చేతిలోని చిట్టీ వెనక వచ్చే తేదీతో పాటు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాయాలి. మూడో నెల ఆఖరి వారం కొత్త కేసులు తీసుకోవద్దు. పోయే పీజీ, వచ్చే పీజీ ఆ పూట ఒకే చాప మీద కూర్చుని పాత పిల్లలను చూడాలి.

— పిల్లల మానసిక వైద్య సేవల్లో పనిచేస్తున్న కొందరం, మహబూబ్‌నగర్