జ్యూరిక్‌లో ఒక సెమిస్టర్: ధరల కంటే గడువులే ఖరీదు

సంపాదకుల వారికి,

స్విట్జర్లాండ్‌లోని విశ్వవిద్యాలయాలతో మార్పిడి ఒప్పందాలున్న కళాశాలలు విద్యార్థులకు ముందుగా చెప్పే మాట ‘అక్కడ ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు’ అని. అది నిజమే. జ్యూరిక్ ఖరీదైన ఊరన్న సంగతీ అందరికీ తెలిసిందే కాబట్టి ఇంట్లోవాళ్లు అద్దెకూ తిండికీ ఎలాగో డబ్బు సర్దుతారు. అయినా పిల్లలు అక్కడ దెబ్బతింటున్నారు. ధరల వల్ల పోయే డబ్బు కంటే, ఏ పని ఏ తేదీలోగా చేయాలో తెలియక పోగొట్టుకునేదే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం.

మొదట వీసా. సెమిస్టర్ సెప్టెంబరు మధ్యలో మొదలై డిసెంబరు మూడో వారం దాకా సాగుతుంది. షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి) పర్యటక వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు కాబట్టి అది చాలదు. ‘ముందు దాంతో వెళ్లి అక్కడ మార్చుకుందాం’ అనుకుంటే వెనక్కి తిరిగొచ్చి మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. కావలసింది డి రకం జాతీయ వీసా. ఆ దరఖాస్తు రాయబార కార్యాలయంలో తేలదు, జ్యూరిక్ రాష్ట్ర వలస విభాగానికి వెళ్లి అక్కడి అనుమతితో తిరిగి రావాలి. దీనికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. జులైలో మేలుకుంటే తరగతులు మొదలయ్యేనాటికి వీసా చేతిలో ఉండదు.

ఇంటి సంగతి ఇంకా కష్టం. 2024 జూన్ 1 నాటి లెక్కలో ఆ నగరంలో ఖాళీగా ఉన్న ఇళ్లు 0.07 శాతం, అంటే పదివేల ఇళ్లకు ఏడు. విద్యార్థుల గృహ సహకార సంఘం వోకో గదులు మిగతావాటికంటే చవక. వాటికి పోటీ ఎక్కువ కనుక ప్రవేశం ఖాయమైన రోజే గది దరఖాస్తూ పెట్టాలి. మిగిలింది పంచుకునే ఇళ్లలో గది. అక్కడే మోసగాళ్లు కాచుకుని ఉంటారు. అందమైన ఫొటోలు పెడతారు, అద్దె నమ్మలేనంత తక్కువ చెబుతారు, ‘నేను ఊళ్లో లేను, డిపాజిట్ పంపితే తాళంచెవి పోస్టులో వస్తుంది’ అంటారు. గది చూడకుండా, కనీసం అప్పుడు ఆ ఇంట్లో ఉంటున్న వారితో వీడియోలో మాట్లాడకుండా ఒక్క ఫ్రాంకు కూడా పంపకూడదు. స్విస్ చట్టం ప్రకారం ఇంటి డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు. పైగా దాన్ని అద్దెకున్నవారి పేరిటే బ్యాంకు ఖాతాలో ఉంచాలి. యజమాని సొంత ఖాతాకు పంపమంటే అనుమానించాల్సిందే.

డబ్బు పంపేటప్పుడు యూరోల్లో కాదు, స్విస్ ఫ్రాంకుల్లో పంపాలి. దారిలో ఉన్న బ్యాంకులు రుసుము కోసుకుంటాయి. ఖర్చులన్నీ పంపేవారే భరిస్తారని ఫారంలో రాయకపోతే అవతల ఇరవై ముప్పై ఫ్రాంకులు తక్కువ పడి, గది ఖరారు కాకుండా ఆగిపోతుంది.

దిగిన 14 రోజుల్లోగా, తరగతులు మొదలుకాకముందే, తామున్న పేట క్రైస్‌బ్యూరోకు (నగర నివాస నమోదు కార్యాలయానికి) స్వయంగా వెళ్లి నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టు, ప్రవేశ పత్రం, అద్దె ఒప్పందం చూపించాలి. నివాస అనుమతి కార్డు కోసం ఫొటో, వేలిముద్రల పిలుపు ఆ తర్వాత వస్తుంది. ఉత్తరాల పెట్టె మీద మన పేరు లేకపోతే ఆ పిలుపు మన చేతికి రాదు. గదిలో దిగిన రోజే పెట్టె మీద పేరు అతికించాలి.

అన్నిటికంటే పెద్ద నష్టం ఆరోగ్య బీమాలో జరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో నివసించే ప్రతి ఒక్కరికీ బీమా తప్పనిసరి. విద్యార్థులు దానికి సమానమైన రక్షణ ఉన్న వేరే బీమా చూపించి మినహాయింపు అడగవచ్చు, కానీ వచ్చిన మూడు నెలల్లోగా అడగాలి. బయలుదేరేముందు కొనుక్కునే ప్రయాణ బీమాలో చెల్లింపుకు పైపరిమితి ఉంటుంది. అందువల్ల సాధారణంగా దాన్ని సమానమైనదిగా ఒప్పుకోరు. గడువు దాటితే అధికారులే ఒక బీమా సంస్థను కేటాయిస్తారు, నెలనెలా ప్రీమియం బిల్లు వస్తుంది. విదేశీ విద్యార్థుల కోసమే అమ్మే పాలసీలు దానికంటే చాలా చవక. మినహాయింపు దరఖాస్తు మొదటి వారంలోనే పంపేయడం మంచిది.

‘పార్ట్‌టైం చేసి సర్దుకుంటాను’ అన్న ఆశ పెట్టుకోవద్దు. ఐరోపా బయటి దేశాల విద్యార్థులకు చదువు మొదలైన ఆరు నెలల దాకా మామూలుగా ఉద్యోగ అనుమతి ఇవ్వరు. ఆ తర్వాత కూడా తరగతులు జరిగే రోజుల్లో వారానికి 15 గంటలే. ఒక్క సెమిస్టర్‌కు వెళ్లినవారికి ఆ అవకాశం వచ్చేసరికి తిరుగు ప్రయాణం వస్తుంది.

చదువు దగ్గర మా అనుభవంలో ఎవరూ పట్టించుకోని విషయం పరీక్షల తేదీలు. జ్యూరిక్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఈటీహెచ్‌లో కొన్ని కోర్సులకు సెమిస్టర్ చివరనే పరీక్ష ఉంటుంది. మరికొన్నిటికి ప్రత్యేక పరీక్షల కాలంలో పెడతారు, శరదృతువు కోర్సులకు జనవరి చివర, ఫిబ్రవరిలో, వసంతకాలం కోర్సులకు ఆగస్టులో. డిసెంబరు 22కు టికెట్ కొన్నవారు రెండోరకం కోర్సు ఎంచుకుంటే సెమిస్టరంతా చదివిన చదువు వృథా. ఏది ఏ రకమో కోర్సుల జాబితాలోనే రాసి ఉంటుంది. ముందు అది చూసి, ఆ తర్వాతే టికెట్ కొనాలి. అక్కడ మార్కులు ఒకటి నుంచి ఆరు వరకు. ఆరు అత్యుత్తమం, నాలుగు వస్తే పాస్. 3.75 వచ్చినా క్రెడిట్లు ఒక్కటీ రావు. ఈ గ్రేడును ఇక్కడి గ్రేడుగా ఎలా మారుస్తారో కళాశాల నుంచి వెళ్లకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. తిరిగొచ్చాక అడిగితే ఒక్కో విభాగం ఒక్కో లెక్క చెబుతుంది.

రోజువారీ ఖర్చులకు విశ్వవిద్యాలయ భోజనశాల మెన్సాలో విద్యార్థి ధర ఉంటుంది, హోటల్లో తినేదానికంటే చాలా తక్కువ పడుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కనుక సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. ప్రధాన రైల్వేస్టేషన్‌లోవి తెరిచే ఉంటాయి. చెత్తకు నగరపాలిక రుసుము కలిపి అమ్మే జ్యూరిజాక్ సంచులే వాడాలి, వేరే సంచిలో పారేస్తే జరిమానా. ఐరోపా అడాప్టర్ల పేరిట దొరికే లావుపాటి గుండ్రని ప్లగ్గులు స్విస్ సాకెట్లలో పట్టవు. సన్నటి రెండు పిన్నులవి పడతాయి. సగం ధర రైలు కార్డు హాల్బ్‌టాక్స్ ఏడాది కాగానే దానంతటదే పునరుద్ధరణ అవుతుంది, కొన్న వెంటనే రద్దు కోరి పెట్టుకోవాలి.

గదిలో దిగినరోజే గోడలూ, పొయ్యీ, కిటికీలూ ఫొటోలు తీసి, అప్పగింత పత్రంలో లోపాలన్నీ రాయించాలి. వదిలేటప్పుడు ఓవెన్ జిడ్డు, స్నానాలగదిలో నీటి సున్నపు మరకలు వేలితో తడిమి చూస్తారు. ఆ శుభ్రత బాగోకపోతే మనిషిని పెట్టి చేయించి డిపాజిట్‌లోంచి కోస్తారు. వెళ్లిపోతున్నట్టు క్రైస్‌బ్యూరోలో చెప్పి, ఆ రసీదు తెచ్చుకోవాలి. అది లేకపోతే నగరం లెక్కల్లో ఆ విద్యార్థి ఇంకా అక్కడే ఉన్నట్టు, బిల్లులూ వస్తూనే ఉంటాయి.

పంపే కళాశాలలు ఈ తేదీలన్నీ ఒక్క కాగితం మీద వేసి, విద్యార్థి అంగీకార పత్రం మీద సంతకం పెట్టకముందే తల్లిదండ్రులకు ఇవ్వాలని కోరుతున్నాం. దరఖాస్తుల కాలంలో మీ విద్యా పేజీలో కూడా ఆ జాబితాకు చోటివ్వండి.

— విద్యార్థి మార్పిడి వ్యవహారాలు చూసే అధ్యాపకులు