ఆ ఆటో తమ్ముడికి

మొన్న మంగళవారం సికింద్రాబాద్ స్టేషన్ నుంచి సైనిక్‌పురికి వస్తూ మా నాన్నగారు నీ ఆటోలో ఒక గుడ్డసంచి మర్చిపోయారు. అందులో డబ్బుల్లేవు, ఆయన ఫ్లయింగ్ లాగ్‌బుక్ ఉంది.

నాన్న వైమానిక దళంలో ఏఎన్-32 రవాణా విమానం నడిపారు. చండీగఢ్ నుంచి లేహ్‌కి జవాన్లు, సరుకులు. అక్కడి రన్‌వే ఉన్న ఎత్తు పదివేల అడుగుల పైమాటే; మధ్యాహ్నం గాలులు లేచేలోపే దిగి మళ్లీ ఎగిరిపోవాలి. ఆ లాగ్‌బుక్‌లో తేదీ, విమానం నంబరు, ఎన్ని గంటలు ఎగిరారో... అన్నీ ఆయన చేతిరాతలోనే. 1989 ఆగస్టు పేజీ పక్కన పెన్సిల్‌తో ‘పాప’ అని ఉంటుంది. అది నేనే. నన్ను చూడ్డానికి ఆయనకి సెలవు దొరికింది నలభై రోజుల తర్వాత. ఆ పేజీ తీస్తే అమ్మ ఇప్పటికీ మూతి ముడుస్తుంది.

నువ్వు మూడు వీధుల వాచ్‌మన్లని అడుగుతూ, రాత్రి తొమ్మిదిన్నరకి గేటు కొట్టావు. "పెద్దాయన బుక్కు అక్కా" అన్నావు. డబ్బు వద్దన్నావు, టీ కూడా తాగలేదు. నాన్న మోకాలి నొప్పితోనే లేచి సెల్యూట్ కొట్టారు. నువ్వు గబగబా ఖాకీ చొక్కా పైగుండీ పెట్టుకుని తిరిగి కొట్టావు.

కంగారులో నీ పేరైనా అడగలేదు. చాలా థాంక్స్ తమ్ముడూ. ఇటు బేరం తగిలితే ఒకసారి ఆగు, నాన్న అడుగుతున్నారు.