నలుగురూ కలిసే గీత దాటాలి

చిట్టితల్లీ,

సాహస శిబిరానికి కావలసిన డబ్బు జట్ల నడక పెట్టి, ఆ నడక పేరున తెలిసినవాళ్ల దగ్గర చందాలు తీసుకుని పోగుచేద్దామని మీ క్లాసంతా అనుకున్నారనీ, ఏర్పాట్లు నీకు అప్పగించారనీ రాశావు. చాలా సంతోషం. నడక ఎన్ని కిలోమీటర్లుంటే బాగుంటుందని అడిగావు కదా, ఆ సంగతికి వచ్చేముందు డబ్బు లెక్క చూద్దాం. ఎంత కావాలో తేల్చుకోకుండా దారి గీయడం మొదలుపెడితే ఆఖర్న శిబిరం రోజులు కోసుకోవాల్సి వస్తుంది.

ఖర్చు రెండు వరుసల్లో రాయి. బస్సు కిరాయి, స్థలం అద్దె ఒక వరుస: 30 మంది వెళ్లినా 40 మంది వెళ్లినా ఇవి పెద్దగా మారవు. భోజనం, బీమా, హెల్మెట్లు, లైఫ్ జాకెట్ల అద్దె రెండో వరుస: ఇవి తలకింత చొప్పున పెరుగుతాయి. రెండూ కూడి, పైన 10 శాతం వేసుకో. ఆఖరి వారంలో ఇద్దరు ముగ్గురు మానేస్తే వాళ్ల వంతు బస్సు కిరాయి మిగతావాళ్ల మీద పడుతుంది, ఆ 10 శాతం అందుకు. వచ్చిన మొత్తాన్ని జట్ల సంఖ్యతో భాగించి ఒక్క ప్రశ్న వేసుకో: ఒక జట్టులోని నలుగురు, తలా ఎనిమిది పదిమంది తెలిసినవాళ్లను అడిగి ఇంత తేగలరా? తేలేరనిపిస్తే శిబిరం ఖర్చు తగ్గించండి, లేదా జట్లు పెంచండి. పిల్లల మీద ఒత్తిడి మాత్రం పెంచకండి.

జట్టుకు నలుగురే ఉండాలి. దారిలో ఒకరికి కాలు బెణికితే ఒకరు పక్కన కూర్చుంటారు, మిగతా ఇద్దరు సాయానికి వెళతారు. ఎవరూ ఒంటరిగా మిగలరు. ముగ్గురే అయితే ఇది కుదరదు. ఆరుగురైతే మాటల్లో పడి రెండు ముక్కలవుతారు. హాంకాంగ్‌లో గూర్ఖా సైనికులు 1981లో మొదలుపెట్టిన ట్రైల్‌వాకర్ నడకలోనూ జట్టుకు నలుగురే, 100 కిలోమీటర్లు, 48 గంటలు. మొదట అది సైనికుల శిక్షణ. 1986లో బయటి జట్లను కూడా రానిచ్చారు, ఆక్స్‌ఫామ్ అనే సేవా సంస్థ చేయి కలిపింది, తర్వాత పలు దేశాలకు పాకింది.

మీ నడక నియమాల్లో మొదటి వాక్యంగా ఇది రాయి: నలుగురూ కలిసి ముగింపు గీత దాటితేనే జట్టు చేరినట్టు. గెలుపును సమయంతో కొలిస్తే గట్టిగా నడిచేవాళ్లు ముందుకు దూకుతారు, నెమ్మదిగా నడిచే పిల్ల వెనక ఏడుస్తూ వస్తుంది. అందుకని మార్కులు చెక్‌పాయింట్ (దారిలో జట్లు ఆగాల్సిన చోటు) దగ్గర చేసే పనులకే పెట్టండి: మ్యాప్ మీద దిక్కు తీయడం, తాడుతో ముడి వేయడం, రెండు కర్రలూ రెండు జాకెట్లతో స్ట్రెచర్ కట్టడం. నలుగురూ వచ్చాకే పని మొదలవ్వాలి. దారిలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. వెనక పెడితే వాళ్లు చేరుకునేసరికి మిగతా ముగ్గురి విశ్రాంతి అయిపోతుంది, లేచి నడుస్తారు; ఎక్కువ అలిసినవాళ్లకే కూర్చునే సమయం దక్కదు.

డబ్బు విషయంలోనూ ఇదే పద్ధతి పాటించు. ఎవరు ఎంత తెచ్చారో పేర్లతో పట్టిక పెట్టవద్దు. జట్టు మొత్తమే రాయండి, వీలైతే బడి మొత్తం ఒక్కటే రాయండి. కొందరికి అడగదగ్గ మేనమామలూ పెద్దమ్మలూ పదిమంది ఉంటారు, కొందరికి ఒక్కరూ ఉండరు. ‘తెచ్చిన డబ్బు లెక్కన శిబిరంలో చోటు’ అని ఎవరైనా ప్రతిపాదిస్తే నువ్వు గట్టిగా కాదనాలి. ఈ ఉత్తరంలో నేను ఖచ్చితంగా పట్టుబట్టేది ఇదొక్కటే.

ఇప్పుడు దూరం. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అది అలవాటున్న పెద్దవాళ్ల వేగం. వీపున సంచితో నడిచే పిల్లలకు గంటకు 4 కిలోమీటర్లు వేసుకో. 15 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు అనుకో: నడకకు 3 గంటల 45 నిమిషాలు, ఎక్కుడుకు అరగంట, గంటకు పది నిమిషాల చొప్పున విశ్రాంతి. దాదాపు 5 గంటలు. మొదటిసారికి ఇంతకు మించవద్దు.

ఎక్కువగా దెబ్బతినేది చెక్‌పాయింట్ల దగ్గర. జట్లను 5 నిమిషాలకొకటి పంపిస్తారు, మొదటి చెక్‌పాయింట్‌లో పనికి 10 నిమిషాలు పడుతుంది. రెండో జట్టు వచ్చేసరికే వరుస మొదలవుతుంది, పన్నెండో జట్టు ఎండలో ముప్పావు గంటకు పైగా నిలబడుతుంది. సామాను రెండు జతలు పెడితే రెండు జట్లకు ఒకేసారి పని నడుస్తుంది, వరుస ఉండదు. లేదా మొదటి చెక్‌పాయింట్‌లో 4 నిమిషాలు దాటని పని పెట్టి, పెద్ద పనులు తర్వాతివాటికి వదిలెయ్యి. అప్పటికి జట్లు వాటంతటవే ఎడమవుతాయి. ప్రతి చెక్‌పాయింట్‌కూ మూసే సమయం ముందే ప్రకటించండి. ఆ లోపు రాని జట్టు బండి ఎక్కాలి, బతిమాలినా వినకూడదు. ఆఖరి జట్టు వెనక ఇద్దరు పెద్దవాళ్లు నడవాలి. వాళ్లు దాటాకే ఆ చెక్‌పాయింట్ ఎత్తెయ్యాలి.

నీళ్లు గంటకు అర లీటరు, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. అయిదు గంటలకూ మొదట్లోనే మోస్తే రెండున్నర కిలోలు. సగం దారిలో నింపుకునే ఏర్పాటు చేస్తే ఒకటిన్నర లీటరుతో బయల్దేరవచ్చు. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకుండా చూడండి. కొత్త బూట్లు ఆ రోజు వద్దు. మడమ దగ్గర చుర్రుమన్న క్షణంలోనే ఆగి, చెమట తుడిచి, టేపు నున్నగా అంటించాలి. ‘తర్వాత చూద్దాంలే’ అంటే అరగంటలో బొబ్బ లేస్తుంది, ఇక ఆ జట్టు నడక అక్కడితో సరి. ప్రతి ఒక్కరి మెడలో ఈల ఉండాలి: నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగితే ఆపదలో ఉన్నామని అర్థం, విన్నవాళ్లు మూడుసార్లు ఊది జవాబివ్వాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు, అంతకన్నా తక్కువ ఉంటే నడక ఆపించు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ కదలండి.

ఇక స్పాన్సర్ ఫారం, అంటే ఎవరు ఎంత చందా ఇస్తారో రాయించుకునే కాగితం, సంగతి. కిలోమీటరుకు ఇంత అని రాయించుకుంటే ఉత్సాహంగానే ఉంటుంది, కానీ వాన వచ్చి దారి సగానికి కోస్తే డబ్బూ సగమవుతుంది. మొత్తంగా ఇంత అన్న కాలమ్ ముందు పెట్టు, కిలోమీటరు కాలమ్ తర్వాత పెట్టి పక్కన ‘గరిష్ఠంగా ఇంత’ అని గడి వదులు. ముందే చెల్లించేవాళ్లకు తేదీ, రసీదు నంబరు గడులు కావాలి. మొదటి వరుస ధారాళంగా ఇచ్చేవాళ్లతో రాయించండి. తర్వాతివాళ్లు పై అంకె చూసే తమ అంకె వేస్తారు. డబ్బు ఎక్కువైతే ఏం చేస్తారో, తక్కువై శిబిరం ఆగితే ఏం చేస్తారో ఫారం కిందే అచ్చు వేయించండి. తర్వాత అడిగితే తలో మాటా చెబుతారు. తెలియని గడప ఒక్కరే తొక్కవద్దని అందరికీ గట్టిగా చెప్పు.

నోటి మాట ఇచ్చి చేతికి రాని డబ్బే ఇలాంటి వాటికి పెద్ద గండి. నడక ముగిసిన మర్నాడే వసూలు మొదలుపెట్టి రెండు వారాల్లో ముగించండి, ఆలస్యమైనకొద్దీ అడగడానికి మొహమాటమవుతుంది. నగదు ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, ఆ రోజో మర్నాడో బ్యాంకులో వేయాలి. వచ్చిన నగదులోంచి టేపుకనీ తాడుకనీ అప్పటికప్పుడు తీసి ఖర్చుపెట్టవద్దు. అక్కడినుంచే లెక్క తప్పుతుంది. శిబిరం అయ్యాక జమ ఖర్చుల కాగితం ఒకటి, ఒక ఫొటో జతచేసి ఇచ్చిన ప్రతివారికీ పంపండి.

ఫారం అచ్చుకిచ్చే ముందు నాకో ప్రతి పంపు, గడులు సరిపోయాయో లేదో చూసి రాస్తాను. దారిని మీ టీచరుతో కలిసి ఒకసారి నడిచి, చెక్‌పాయింట్ల మధ్య దూరాలూ, ఫోను అందని చోట్లూ కూడా గుర్తుపెట్టి పంపు.

ప్రేమతో,
అమ్మ